మా మనవరాలి తిట్లను ఆపవద్దని కోరుతూ

తిరుపతి,
గురువారం.

శిశు సంక్షేమ పథకం అధికారి గారి సముఖమునకు,
చంద్రగిరి దారి, వేపమాను వీధి వాస్తవ్యుడు, రిటైర్డు దఫేదారు జి. మునిరత్నం సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా మనవరాలు చి. హేమశ్రీ (వయస్సు నాలుగుకు కొంచెం తక్కువ) పేరును మా వీధి అంగన్‌వాడీ కేంద్రం నుండి తొలగించుచూ ఇచ్చిన నోటీసును రద్దు చేయుట గురించి. మరియు సదరు బాలిక తిట్లను కొంతకాలం యథాతథంగా కొనసాగనిచ్చుట గురించి.

సూచిక: (1) సూపర్‌వైజరు గారి నోటీసు. (2) మా ఆవిడ మొక్కు (నోటిమాట, లిఖితపూర్వకం కాదు).

తమరు మహిళా అధికారి అని విన్నాను. అయినను, "అయ్యా" అని మొదలు కాని అర్జీని ఎవరూ అర్జీగా లెక్కపెట్టరని నా సర్వీసంతా చూసి తెలుసుకున్నవాడిని గనుక అలాగే రాసితిని. మన్నించవలెను. నేను రెవెన్యూ ఆఫీసులో దఫేదారుగా పనిచేసి రిటైరు అయ్యాను. ఎందరి అర్జీలనో ఈ చేతులతో లోపలికి మోసుకుపోయి పెద్దల బల్లల మీద పెట్టాను. ఏది పైకి పోతుందో, ఏది టీ గ్లాసు కింద మరకపడి ఆగిపోతుందో చూడగానే చెప్పగలను. నా సొంతానికి మాత్రం ఇంతవరకు ఒక్కటీ రాసుకోలేదు. ఇదే మొదటిది. దీని మీద గ్లాసు పెట్టకుండా చదువవలెనని ముందుగానే వేడుకొనుచున్నాను.

విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు హేమశ్రీ నా కూతురి కూతురు. నా కూతురు, అల్లుడు తడ దగ్గర ఒక కంపెనీలో షిఫ్టుల మీద పనిచేయుచున్నారు. పాప మొదట్లో వాళ్ళ దగ్గరే పెరిగింది. ఆ వీధిలో సగం మంది తమిళం, సగం మంది తెలుగు. పాపను చూసుకునే పక్కింటావిడ ఒకే మాటలో రెండూ కలిపేది. ఆ రెండింటిలో ఏది పట్టుకోవాలో తేలక పాప ఏదీ పట్టుకోలేదు. ఇద్దరికీ షిఫ్టులు ఒకేసారి పడటంతో గత ఏడాది పాపను తెచ్చి మా దగ్గర వదిలారు. వచ్చిన నాటి నుండి నోరు తెరవలేదు. కావలసిందాన్ని వేలితో చూపించేది. వద్దనుకున్నదాన్ని కాలితో తన్నేది. చెవుల డాక్టరుకు చూపించాము. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "చెవులు బాగుండాయి పెద్దాయనా. పాపకు మాట్లాడబుద్ధి కాలేదు, అంతే" అని చెప్పి పంపించాడు.

పిల్లల్లో పడితే మాటలు వస్తాయని అంగన్‌వాడీలో చేర్చాము. అక్కడ టీచరు ఎస్తేరు గారు, ఆయా భారతమ్మ గారు. టీచరు పిల్లలందరి చేత చేతులు తిప్పుతూ పాట పాడిస్తుంటే మా పాప కిటికీ దగ్గర కూర్చుని చేతులు మాత్రం తిప్పేది. నెలలు గడిచాయి. హాజరులో పిల్ల ఉంది, గదిలో పిల్ల ఉంది, గొంతు మాత్రం లేదు. ఈ కాలమంతటా ఏ సూపర్‌వైజరు గారూ వచ్చి ఈ పిల్ల ఎందుకు మాట్లాడదని అడిగిన దాఖలా లేదు. ఈ సంగతి తరువాత పనికి వస్తుంది గనుక ఇక్కడే నమోదు చేయుచున్నాను.

2. ఇది చూసి చూసి మా ఆవిడ సుబ్బులమ్మ, నన్ను సంప్రదించకుండా, గంగమ్మకు మొక్కుకున్నది. "మా పాపకు మాట రానీ తల్లీ, జాతరకు దానికి వేషం కట్టిస్తా" అని ఆ మొక్కు సారాంశం. తమరు వేరే జిల్లా నుండి బదిలీ మీద వచ్చారని తెలిసినందున మా ఊరి ఆచారం రెండు ముక్కల్లో చెప్పుకుంటాను. గంగ జాతర రోజుల్లో మా ఊళ్ళో ఒక్కో దినం ఒక్కో వేషం. ఒకనాడు ఒళ్ళంతా నామం పూసుకుంటారు, ఒకనాడు కుంకుమ, ఒకనాడు బొగ్గు, ఒకనాడు చందనం. కుంకుమ పూసుకునేది బండ వేషం. చేతిలో వేపమండ పట్టుకుని, ఎదురైన వారిని నోటికి వచ్చినట్లు తిట్టుకుంటూ గుడికి పోవడం ఆ వేషం ధర్మం. తిట్టించుకున్నవారు కోపగించుకోరు, చేతులు జోడిస్తారు. ఆ నోటివెంట వచ్చేది అమ్మవారి దీవెన అని మా నమ్మకం. నా సర్వీసులో ఒక తహసీల్దారు గారు ప్రతి జాతరకూ తన ఆఫీసు దఫేదారు చేత తిట్టించుకుని చేతులు జోడించేవారు. ఆ దఫేదారు నేనే. ఏడాదంతా ఆ దినం కోసం ఎదురుచూసేవాడిని.

3. పొరపాటు ఇక్కడ జరిగింది. మా ఆవిడ మొక్కులో ఏ వేషం అన్నది లేదు. ఇంట్లో కుంకుమ నిండుగా ఉంది. చందనం అరగదీయడానికి ఆవిడకు బద్ధకం. అందువలన పాపకు బండ వేషం కట్టింది. ఆ రోజు చందనం అరగదీసి ఉంటే ఈ అర్జీ పుట్టేది కాదు. అదీగాక ఆవిడ "మాట రానీ" అన్నదే గాని ఎటువంటి మాట అన్నది చెప్పలేదు. విన్నపంలో వివరం లేకపోతే ఉత్తర్వు ఇలాగే వస్తుందని నేను ఆవిడకు ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను. దానికి ఆవిడ ఇచ్చే సమాధానం అర్జీలో చేర్చదగినది కాదు. పాపకు ఆ నోరు ఎవరి తరఫు నుండి వచ్చిందని తమరు విచారణ జరిపితే నేను సాక్ష్యం చెప్పడానికి సిద్ధం.

బండ వేషం నాటి ఉదయం పాపకు కుంకుమ పూసి, మెడలో కనకాంబరాల దండ వేసి, చేతికి వేపమండ ఇచ్చి నా భుజాల మీద ఎక్కించుకున్నాను. గుడి దారిలో జనం తోపులాట. మా వీధి రఘునాథ్, ఆటో నడుపుతాడు, విశాలమైన మనిషి, మా ముందు అడ్డంగా నిలబడి ఉన్నాడు. ఎంత చెప్పినా వినిపించుకోడు. అప్పుడు నా నెత్తి మీద నుండి, ఏ తడబాటూ లేకుండా, "జరగరా, దొంగ నాబట్టా" అని ఒక గొంతు వచ్చింది.

ఎవరా అని నేను వెనక్కి చూశాను. మా ఆవిడ పైకి చూసింది. పాప వేపమండతో రఘునాథ్ నెత్తిన ఒకటి వేసి "పందీ" అని కూడా అన్నది. రఘునాథ్ తిరిగి చూశాడు. చెప్పులు విడిచాడు. రెండు చేతులూ జోడించి, "ఇంకొకటి అను తల్లీ" అన్నాడు. పాప అన్నది. ఆ మూడోది రాయలేను.

మా ఆవిడ అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడ్చింది. నేను ఏడవలేదు, నా కళ్ళలో కుంకుమ పడింది. అర్జీలో అబద్ధం ఉండరాదు గనుక సవరించుకొనుచున్నాను: నేనూ ఏడ్చాను. దాని గొంతు ఎలా ఉంటుందో అప్పటిదాకా మాకు తెలియదు. కొంచెం బొంగురుగా, వాళ్ళ అమ్మ గొంతులాగే ఉంది.

ఆ దినమంతా పాప ఊరిని వదిలిపెట్టలేదు. బందోబస్తు పోలీసును తిట్టింది, ఆయన టోపీ తీసి దండం పెట్టాడు. ఐస్ బండివాడిని తిట్టింది, అతడు పుల్ల ఐస్ చేతిలో పెట్టాడు. మా ఆవిడను "ముసలి కోతీ" అన్నది. ఆవిడ వీధిలో గడప గడపకూ పోయి, "నన్ను ముసలి కోతి అనింది సూడమ్మా మా పాప" అని చెప్పుకుని వచ్చింది. నన్ను బట్టతల ఎనుము (తమ వైపు గేదె అంటారేమో) అన్నది. ఇంట్లో పాయసం చేసుకున్నాము. కంపెనీలో ఉన్న నా కూతురికి ఫోనులో వినిపిస్తే, "నన్ను కూడా ఒకటి అనమ్మా" అని బతిమాలి తిట్టించుకుంది.

4. జాతర ముగిసింది. ఊరంతా వేషాలు దించింది. మా పాపకు తలంటి పోశాము. కుంకుమ పోయింది గాని వేషం పోలేదు. వేపమండ పక్కన పెట్టుకునే పడుకునేది. వాడిపోతే కొత్తది కావాలని నన్ను తిట్టి తెప్పించుకునేది.

దాని వైపు నుండి ఒకసారి ఆలోచించవలసిందిగా మనవి. ఏడాదిపాటు నోరు మూసుకుని బుద్ధిగా కూర్చుంటే ఒక్కరూ దాని వంక చూడలేదు. ఒక్క తిట్టు తిట్టగానే ఊరు ఊరంతా చెప్పులు విడిచి చేతులు జోడించింది. మనుషులతో మెలగడం అంటే ఇదే కాబోలు అనుకుంది. నాలుగేళ్ళు నిండని పిల్ల, దానికి తెలిసిన లోకం ఇంతే.

5. ఆ తరువాతి సోమవారం పాప మండ పట్టుకుని కేంద్రానికి పోయింది. ఆయా భారతమ్మ గారు గంగమ్మ భక్తురాలు. గడపలోనే పాప ఆమెను "ఏమే ఎనుమా" అనగానే ఆమె చేతిలోని చీపురు కింద పెట్టి, దండం పెట్టి, లోపలికి పోయి ఉడికించిన గుడ్డు ఒకటి అదనంగా తెచ్చి ఇచ్చింది. ఇది తక్కిన పిల్లలు చూశారు. అంత చిన్న పిల్లలకు ఏమీ అర్థం కాదనుకునేవారు ఆ రోజు అక్కడ ఉండవలసింది. అన్నం వేళకు పిల్లలందరూ వరుసలో నిలబడి, ఒకరినొకరు తోసుకోకుండా, తమ వంతు వచ్చేదాకా ఆగి, భారతమ్మ గారిని ఒక్కో తిట్టు తిట్టి గుడ్డు కోసం చేయి చాపారు. ఏడాదిగా నేర్పుతున్నా రాని వరుసలో నిలబడటం వాళ్ళకు ఆనాడే వచ్చిందని టీచరు గారే నాతో అన్నారు.

మరునాటికి పిల్లలందరి చేతుల్లోనూ వేపమండలు. కేంద్రం ముందున్న చెట్టు కింది కొమ్మలు బోసిపోయాయి. పాప ముందు నడుస్తుంటే తక్కినవాళ్ళు పలకలను డప్పుల్లా వాయిస్తూ గది చుట్టూ ఊరేగేవారు. ఒక పిల్లవాడు బోర్డు కింద పడిన సుద్దపొడి ముఖానికి పూసుకుని, నాది వేరే వేషం అన్నాడట. అంతకుముందు మా పాప పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. ఇప్పుడు దాని వెనుక ఊరేగింపే నడుస్తోంది. దీనిని ఏ నోటీసులోనూ ఎవరూ పేర్కొనలేదు.

6. ఈ అంశమును మా ఆవిడ చదివించుకుని విని, కొట్టివేయించినది.

7. కొట్టుట, కొరుకుట. ఒప్పుకొనుచున్నాను. రఘునాథ్ కొడుకు రూపేష్, మా పాప ఈడువాడే. వాడిని మా పాప మండతో కొట్టింది. వాడి ప్లాస్టిక్ లారీ లాక్కుంది. ఒకసారి భుజం మీద కొరికింది కూడా. గాటును నేను స్వయంగా పరిశీలించాను. మా ఇంటి పళ్ళే.

ఆ సాయంత్రం రఘునాథ్ మా గడప దగ్గరికి వచ్చి, "ఏం మామా, పాప మావోణ్ణి కొరికిందంట. ఏందీ కత?" అన్నాడు.

"జాతరలో నీ నెత్తిన కొట్టినప్పుడు ఇంకొకటి అను తల్లీ అంటివి గదప్పా" అన్నాను.

"అది జాతర మామా. ఇది అంగన్‌వాడీ."

"పాపకు క్యాలెండరు సూసేది ఇంకా రాలేదు" అన్నాను.

అతడికి నవ్వు వచ్చింది. ఆపుకున్నాడు. ఇంటికి పోయి సూపర్‌వైజరు గారికి ఫోను చేశాడు. తప్పు నాదే. అలాంటప్పుడు మనిషి నవ్వేదాకా ఆగి ఆ తరువాత కాఫీ ఇవ్వాలి. నేను నా మాట బాగుందని మురిసిపోతూ కూర్చున్నాను.

7 (అ). ఈ విషయమై టీచరు ఎస్తేరు గారు నాతో చెప్పినది ఉన్నది ఉన్నట్లు మనవి చేయుచున్నాను. "కొట్టింది కొట్టిందని అందురూ అంటాండారు సార్. ఎవుర్ని కొట్టిందో ఎవురూ సూడ్లేదు. ఆ రూపేష్‌ని తప్ప ఇంగొకర్ని తాకదు. వాడు ఏడిస్తే పోయి వాని పక్కనే కూసుంటాది. వాడు రాని దినం మండ ఆడ పడేసి మళ్లా కిటికీ కాడికి పోతాది. ఆడుకుందాం రా అని పిలిచేది ఎట్లో తెలీక కొడతాండాది."

"మిమ్మల్ని ఏమైనా అనిందా అమ్మా?" అని అడిగాను.

"అనకేం సార్, కోతీ అనింది. నేను సర్చికి పోయేదాన్ని, మీ గంగమ్మ దీవెనతో నాకేం పని. దండం పెట్టలేదు, తిట్టనూ లేదు. నా పేరు ఎస్తేరు అని చెప్పినా. మర్నాడు ఎస్తేరు కోతీ అనింది. పేరు వచ్చేసింది గదా. ఇంగ కోతి పోయేదానికి టైము పడతాది" అన్నది. ఆమె ఇప్పుడు పిల్లలందరికీ అదే కట్టుబాటు పెట్టింది. ఎవరిని తిట్టినా ముందు పేరు చెప్పాలి. మా పాపకు ఆ విధంగా రూపేష్ పేరు వచ్చింది, భారతమ్మ పేరు వచ్చింది. నా పేరు కూడా పట్టుకుంది. కట్టుకున్న ఆవిడ ఇన్నేళ్ళలో ఒక్కనాడూ పలకని నా పేరును అది రోజుకు పదిసార్లు ఎనుముతో కలిపి పిలిచేది. నాకు బాగుండేది.

8. సూపర్‌వైజరు గారి తనిఖీ. ఆమె వచ్చే దినం ముందుగా తెలిసి, "నమస్తే మేడం, సుస్వాగతం" అని పిల్లల చేత అనిపించడానికి టీచరు ఎంతో పాటుపడింది. మేడం గారు గడపలో అడుగుపెట్టారు. పిల్లలు లేచి నిలబడ్డారు. చేతులు కూడా జోడించారు. అంతవరకు సక్రమంగానే జరిగింది. ఆ తరువాత పిల్లలందరూ మా పాప వైపు చూశారు. పాప మండ ఎత్తింది. కేంద్రమంతా ఏక కంఠంతో మేడం గారిని ఏమన్నదో నోటీసులోనే ఉన్నది గనుక మళ్ళీ రాయను. వెనుక నుండి భారతమ్మ గారు, "మీ అదృష్టం మేడం, దండం పెట్టుకోండి" అన్నదట. మేడం గారు దండం పెట్టుకోలేదు. గుడ్లు లెక్కపెట్టారు. గుడ్లు తక్కువ ఉన్నాయి.

నోటీసులో మా పాపకు "దూకుడు ప్రవర్తన, సామాజిక సర్దుబాటు లోపం" అని రాశారు. నేను మా ఆవిడకు చదివి వినిపించాను. "మొదటిది నాకు, రెండోది నీకు సరిపోతాది" అన్నది ఆవిడ. నేను దానికి విరుద్ధంగా అనుకుంటున్నాను. ఏమైనా ఈ రెండూ మా ఇంట్లో పెద్దవాళ్ళకు ఎన్నో ఏళ్ళుగా ఉన్నవే. మమ్మల్ని ఎవరూ ఎక్కడి నుండీ తొలగించలేదు.

9. ఇకమీదట రాసేది కొంచెం కష్టంగా ఉంది.

నోటీసు వచ్చిన నాటి నుండి పాపను ఇంట్లోనే ఉంచాము. మొదటి ఉదయం అది సంచి తగిలించుకుని, మండ పట్టుకుని గడప దగ్గర నిలబడింది. "ఇయ్యాల లేదమ్మా" అన్నాను. ఎందుకు లేదని తిడుతుందేమోనని చూశాను. తిట్టలేదు. మండను చెప్పుల పక్కన పెట్టి, పోయి కిటికీ దగ్గర కూర్చుంది. అప్పటి నుండి ఒక్క మాట లేదు. మంచిదీ లేదు, చెడ్డదీ లేదు. మంచినీళ్ళు కావాలంటే మళ్ళీ వేలితో చూపిస్తోంది.

మా ఆవిడ తనిఖీ నాటి రాత్రి భయపడి మళ్ళీ గంగమ్మకు దండం పెట్టుకుందట. "మాట ఎక్కువైంది తల్లీ, కొంచిం తగ్గించు" అని. ఈసారి కూడా నన్ను సంప్రదించలేదు. ఎంత తగ్గించాలో చెప్పలేదు. ఇప్పుడు ఆ తప్పు తనదేనని తలబాదుకుంటోంది. ఈ ఒక్క విషయంలో నేను ఆవిడను ఏమీ అనలేదు.

నిన్న సాయంత్రం ఇద్దరం పాప ముందు చాప వేసుకుని కూర్చున్నాము. "ముసలి కోతి వచ్చింది సూడు పాపా, ఏమన్నా అను" అని మా ఆవిడ అడిగింది. నేను బట్టతల మీద తట్టుకుని, "ఈ ఎనుము ఎవరమ్మా?" అని అడిగాను. పాప మా ఇద్దరినీ చూసి కిటికీ వైపు తిరిగింది. అయ్యా, నా సర్వీసులో చిన్నవాళ్ళ చేతా పెద్దవాళ్ళ చేతా చాలా తిట్లు తిన్నాను. వాటిలో ఒక్కటీ కావాలని కోరుకోలేదు. ఈ ఒక్క తిట్టు కోసం మాత్రం దీపాలు పెట్టే వేళ దాకా కూర్చున్నాను. రాలేదు.

నాకు భయంగా ఉంది. అసలు సంగతి ఇదే. పైన రాసినవన్నీ ఇది రాయడానికి ధైర్యం కోసం రాసినవి. ఆ గొంతు మళ్ళీ లోపలికి పోతే బయటకు తెప్పించడం నాకు గాని, మా ఆవిడకు గాని చేతకాదు. దానికి కావలసింది మేము కాము. ఆ కిటికీ ఉన్న గది, ఆ పిల్లలు, పేరు అడిగే ఆ టీచరమ్మ, లారీ ఉన్న ఆ పిల్లవాడు కావాలి.

కావున తమరిని ప్రార్థించునది:

(అ) నోటీసును రద్దుపరచి, హేమశ్రీని వెంటనే కేంద్రంలోనికి అనుమతించవలెను.

(ఆ) తిట్లను ఒకేసారి మాన్పించక, టీచరు గారి పద్ధతిలో పేర్లు ముందు, తిట్లు తరువాత, క్రమేణా పేర్లు మాత్రమే అన్న విధంగా తగ్గించుకొనుటకు దసరా దాకా గడువు దయచేయవలెను.

(ఇ) తక్కువైన గుడ్లను మా పెరటి కోళ్ళ నుండి భర్తీ చేయుదును. భారతమ్మ గారిని ఏమీ అనరాదు. ఆమె తిన్నది తిట్లే గాని గుడ్లు కాదు.

(ఈ) కొరుకుట విషయమై నేను పూచీ పడుదును. అవసరమైతే నన్ను కొరకమని చెప్పుదును.

దస్త్రం కదలడం ఎలా ఉంటుందో నాకు తెలియనిది కాదు. ఒక బల్ల నుండి పక్క బల్లకు కాగితాన్ని మోసుకుపోయింది నేనే. అయినను, దాని నోరు పూర్తిగా మూతబడకముందే తమరు ఈ అర్జీని మనసులోనికి తీసుకొని చిత్తగించవలెనని చేతులు జోడించి అడుగుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడును, బాలిక వాంగ్మూలం ప్రకారం బట్టతల ఎనుమును అయిన,
జి. మునిరత్నం

తా.క.:

అమ్మా,

సంతకం చేసి కాగితం మడిచి కవరు వెతుకుతున్నాను. గేటు చప్పుడైంది. రూపేష్ నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో వాడికంటే పొడవైన వేపమండ, ఇంకో చేతిలో లారీ. వెనుక వాళ్ళ నాయన రఘునాథ్, నా మొహం చూడలేక గోడ వంక చూస్తున్నాడు. "అంగన్‌వాడీకి పోనని రోజూ ఏడుపే మామా. అన్నం కూడా తినడంలా. హేమ కాడికి తీసకపో అని పేనం తీసినాడు" అన్నాడు.

రూపేష్ కిటికీ కిందికి పోయి నిలబడ్డాడు. మండ పైకి చాపాడు. "హేమా, రా హేమా. నన్నెవురూ కొట్టడంలా" అన్నాడు.

పాప కిటికీలోంచి వాడిని చూసింది, లారీని చూసింది, మండను చూసింది. ఊచల మధ్య నుంచి చెయ్యి పెట్టి మండ అందుకుంది. అందుకుని, "రూపేషూ, రేపొస్తాలేరా, పందీ" అన్నది.

పేరు ముందు చెప్పింది, చూశారా అమ్మా. ఎస్తేరు టీచరు చెప్పినట్టే. పంది ఆఖరున వచ్చింది.

మా ఆవిడ వంటింట్లోకి పోయింది, ఏడవడానికో పాయసానికో తెలియదు. రఘునాథ్ గేటు దగ్గరే చెప్పులు విడిచాడు. రెండు చేతులూ జోడించి, "ఇంకొకటి అను తల్లీ" అన్నాడు. పాప అనింది. ఆ తర్వాత అతడే నా పెన్ను లాక్కుని కింద సాక్షి సంతకం పెట్టాడు. ఫిర్యాదు చేసింది కూడా తనే అని రాయమన్నాడు, రాశాను.

అర్జీ ఒక్క రోజులో తేలడం నా సర్వీసులో నేను చూడలేదు. కానీ అది రేపొస్తానని చెప్పింది. తిట్టు కాకుండా అది ఎవరితోనైనా చెప్పిన మొదటి మాట అదే. రేపు తొమ్మిదికి పోయి తలుపు దగ్గర నిలబడితే, నీకు లోపలికి రావడానికి లేదని దానికి ఎవరు చెప్పాలి? నేను చెప్పలేనమ్మా. ఒక్క ఫోను చెయ్యండి, చాలు. కాగితాలు తర్వాత నేనే మోస్తాను, నాకు అలవాటే.

తమరు కూడా వస్తే ఇంకా మంచిది. వస్తే మాత్రం ముందు మీ పేరు చెప్పండి. అయినా అది ఏదో ఒకటి అంటుంది. నవ్వకుండా చేతులు జోడించండి. గుడ్డు మాత్రం ఇవ్వొద్దు.

మునిరత్నం

సాక్షి: రఘునాథ్ (ఫిర్యాదుదారు)